గ్రంథాలయ బీరువాల్లో పురాగాథలకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

రాయలసీమ జిల్లాల పౌర గ్రంథాలయాలకు కొత్త పుస్తకాలు కొనేటప్పుడు పురాగాథలు, ప్రాచీన ప్రపంచం, భిన్న సంస్కృతులకు సంబంధించిన పుస్తకాల కోసం ఏటా కొంత మొత్తాన్ని విడిగా కేటాయించాలని జిల్లా గ్రంథాలయ సంస్థలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

పోటీ పరీక్షల పుస్తకాలు కొనవద్దని నా ఉద్దేశం కాదు. తలుపులు తీయకముందే సంచులతో మెట్ల మీద కూర్చునే నిరుద్యోగ యువతీయువకులే ఈనాడు చాలా గ్రంథాలయాలను బతికిస్తున్నారు. అయితే మా ప్రాంతంలోని ఒక శాఖా గ్రంథాలయంలో ‘ప్రాచీన చరిత్ర’ అని చీటీ అంటించిన అరలో ఉన్నవన్నీ ప్రశ్నలూ జవాబులుగా కూర్చిన గైడ్లే. అశోకుడి శాసనాలు దొరికిన ఊళ్ల పట్టిక వాటిలో ఉంటుంది, ఆ పట్టికలో ఎర్రగుడి పేరూ ఉంటుంది, కానీ ఆ రాళ్ల మీద ఏమి రాసి ఉందో తెలిపే పేజీ ఒక్కటీ కనిపించదు.

ఎర్రగుడి మాకు దూరం కాదు. గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలో, కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో ఉంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కించిన అశోకుడి 14 ప్రధాన శిలాశాసనాలతో పాటు చిన్న శిలాశాసనాలు కూడా ఆ గుట్ట బండల మీద ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. బ్రాహ్మీ లిపిలో ఇలాంటి రాత చాలా అరుదు. 13వ ప్రధాన శాసనం సిరియాను ఏలిన అంతియోకుడిని, ఈజిప్టును ఏలిన టాలమీని, మరో ముగ్గురు యవన (గ్రీకు) రాజులను పేర్కొంటుంది. తన సంప్రదాయాన్ని పొగుడుకుంటూ ఎదుటివారి సంప్రదాయాన్ని నిందించేవాడు తన సంప్రదాయానికే ఎక్కువ హాని చేస్తాడని, ఒకరి ధర్మాన్ని మరొకరు వినాలని, అన్ని మతాలవారూ బహుశ్రుతులు కావాలని 12వ శాసనం కోరుతుంది. తొలకరి పడగానే వజ్రాల కోసం జొన్నగిరి, తుగ్గలి చేలకు ఎక్కడెక్కడి నుంచో జనం తరలివస్తారు. ఆ పక్కనే ఉన్న ఈ రాళ్లను చదివించే తెలుగు పుస్తకం, అందులోనూ పదో తరగతి పిల్లవాడు తనంతట తాను చదువుకోగలిగే పుస్తకం, ఆ చుట్టుపక్కల గ్రంథాలయాల్లో ఉండాలని అడగడం పెద్ద కోరికేమీ కాదు.

పురాగాథల విషయానికి వస్తే మన సీమకు కొదవే లేదు. అహోబిలం నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి చీల్చిన ఉగ్రమూర్తిగా పురాణంలో కనిపిస్తాడు. నల్లమల చెంచులకు ఆయన తమ ఆడపడుచు చెంచులక్ష్మిని పెళ్లాడిన అల్లుడు. ఆ స్వామి పార్వేట ఉత్సవంలో ఊరూరా తిరుగుతూ తన కల్యాణానికి భక్తులను తానే పిలుస్తాడు. దేవుని కడప వేంకటేశ్వరుణ్ణి బీబీ నాంచారి భర్తగా భావించి ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు గుడికి వచ్చి మొక్కులు చెల్లించుకోవడం మనమందరం ఎరిగినదే. ఇలాంటి కథలు గ్రంథాలయానికి చేరితే ఏమవుతున్నదో చూడండి. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో అమర్చే డ్యూయీ వర్గీకరణ ప్రకారం హిందూ మత గ్రంథాలు 294.5 కింద, జానపద కథలు 398.2 కింద వేరువేరు బీరువాలకు పోతాయి. నరసింహుడు ఒక గోడ దగ్గర, చెంచులక్ష్మి ఇంకో గోడ దగ్గర ఉండిపోతారు. వర్గీకరణను మార్చమని నేను అడగను, ఆ అంకెలు లేకపోతే గ్రంథపాలకులకు పని సాగదు. రెండు కథనాలనూ ఒకే చోట చదివి పోల్చుకునే వీలు కల్పించే పుస్తకాలను తెప్పించాలన్నదే నా మనవి.

అటువంటి రచనలకు ఆధారం మన దగ్గరే సిద్ధంగా ఉంది. 1800లో నిజాం నుంచి దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాక కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ తన సహాయకుల చేత ఊరూరా సేకరింపజేసిన కైఫీయతుల్లో (ఊళ్ల వృత్తాంతాల్లో) కడప జిల్లాకు చెందినవాటిని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా ప్రచురించింది. ఫలానా ఋషి ఇక్కడ తపస్సు చేశాడని మొదలైన ఊరి కథ, విజయనగర రాయల దానాల మీదుగా, పాలెగాళ్ల తగవుల మీదుగా సాగి, మాన్యాల లెక్కల్లోకి దిగుతుంది. ఏది నమ్మకం, ఏది నమోదైన విషయం అని కరణం విడదీసి చెప్పడు. ఆ పని చదివేవాడిది. కాని ఆ పాత వాడుక, ఫారసీ మాటలు, భూమి కొలతలు నేటి విద్యార్థికి కొరుకుడుపడవు. ఒక్కొక్క మండలానికి చెందిన కైఫీయతులను ఎంపిక చేసి, వివరణలతో తేలిక తెలుగులో చిన్న పుస్తకాలుగా వేయిస్తే ఉన్నత పాఠశాలలకు కూడా పనికివస్తాయి.

బయటి ప్రపంచపు గాథల విషయంలో మన లోటు ఇంకా పెద్దది. మత్స్యావతారం కథ తెలియని తెలుగు పిల్లలు అరుదు. మెసపొటేమియా మట్టి పలకల మీద కూడా ఒక జలప్రళయం, ఒక పడవ, ప్రాణుల రక్షణ ఉన్నాయని, ఆ పలకను చదివిన జార్జ్ స్మిత్ 1872లో లండన్‌లో ఆ సంగతి ప్రకటించాడని చెబితే వాళ్ల కళ్లు విప్పారతాయి. గ్రీకు దేవతల పేర్లు సినిమాల ద్వారా, సెల్‌ఫోన్ ఆటల ద్వారా వారికి ముందే తెలుసు. ఆ కథలను నింపాదిగా తెలుగులో చెప్పే పుస్తకాలు కొని ఉంచవలసింది గ్రంథాలయాలే, ఎందుకంటే ఇంగ్లిషులో వచ్చే బొమ్మల పుస్తకాల ధరలు సామాన్య కుటుంబాలకు అందేవి కావు.

పుస్తకాల ఎంపికలో జాగ్రత్త అవసరం. పురాణ కథకు తేదీలు తగిలించి అదే చరిత్ర అని నమ్మించే పుస్తకాలు, జనం నమ్మకాలను వెక్కిరించడమే శాస్త్రీయత అనుకునే పుస్తకాలు బజారులో కావలసినన్ని ఉన్నాయి. నా దృష్టిలో ఆ రెండు రకాలూ అర నింపడానికే తప్ప చదవడానికి కావు. చరిత్ర, తెలుగు బోధించే అధ్యాపకులు ఇద్దరు ముగ్గురు, పల్లె కథలు తెలిసిన కళాకారుడు ఒకరు, ఒక గ్రంథపాలకుడు కలిసి కూర్చుంటే జాబితా తయారవుతుంది.

డబ్బు లేదని చెప్పడం కూడా కుదరదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఆస్తిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చెల్లిస్తున్నాం. వసూలైన సొమ్మును స్థానిక సంస్థలు సకాలంలో గ్రంథాలయ సంస్థలకు జమ చేయాలి. దానికి తోడు పుస్తకాల కొనుగోలుకు రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానం సాయం కూడా ఉంది.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతారు. వ్యాసరచన పోటీలు, బహుమతులు ఎలాగూ ఉంటాయి. ఈసారి ఆ వారంలోనే జిల్లా గ్రంథాలయ సంస్థలు కొనదలచిన పుస్తకాల జాబితాను నోటీసు బోర్డుల మీద అంటించి, పాఠకుల సూచనలు రాతపూర్వకంగా తీసుకోవాలని కోరుతున్నాను. గుత్తి, పత్తికొండ, డోన్ పాఠశాలల పిల్లలను ఒక రోజు ఎర్రగుడికి తీసుకువెళ్లే ఏర్పాటు కూడా అప్పుడే చేయవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
గుత్తి, అనంతపురం జిల్లా.