మా టాటా మొబైల్ రోడ్డెక్కింది, ఖర్చు లెక్క ఇదిగో

మా మెకానిక్ షెడ్డు కస్టమర్లందరికీ నమస్కారం.

గేటు పక్కన ఇన్నాళ్ళూ దిమ్మెల మీద నిలబడి ఉన్న పాత టాటా మొబైల్ 206 పికప్ బండి పోయిన వారం బయటికొచ్చింది. అప్పట్నుంచి ఫోన్ ఆగట్లేదు. సగం మంది "అన్నా, అమ్ముతావా" అని అడుగుతున్నారు, మిగతా సగం "మాదీ అలాగే చేసిపెట్టు, కానీ తక్కువలో అయిపోవాలి" అంటున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నా. అమ్మను, అది షెడ్డు పనికి, ఇంజన్లూ గేర్‌బాక్సులూ ఆటోనగర్‌లో ఆ మూల నుంచి ఈ మూలకి మోయడానికి కొన్న బండి. రెండో ప్రశ్నకి జవాబు మాత్రం కాస్త పొడుగు, అందులో డబ్బు లెక్క కూడా ఉంది, మీ బళ్ళు ఎందుకు ఆలస్యమవుతున్నాయో కూడా ఉంది.

ఈ బండి తెలియని కుర్రాళ్ళకి రెండు ముక్కలు. 1988లో వచ్చింది. అప్పటికింకా కంపెనీని టెల్కో అనేవాళ్ళు, టాటా మోటార్స్ అని పేరు మారింది 2003లో. తర్వాత వచ్చిన సియెరా, ఎస్టేట్ కార్లు దీని పునాది మీద కట్టినవే. దీంట్లో ఉన్న 1948 సీసీ డీజిల్ ఇంజనే తర్వాత సుమోలో కూడా పెట్టారు. పాత బండి చరిత్ర నేను ఇంతగా చెప్పడానికి కారణం ముచ్చట కాదు, స్పేర్లు. సుమో 1994 నుంచి 2019 దాకా వచ్చింది, మన దగ్గర ఊరికి పది తిరిగాయి, అందుకని పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్ గ్యాస్కెట్ ఇప్పటికీ కౌంటర్ మీద దొరుకుతాయి. తక్కువ డబ్బుతో పాత బండి బాగుచేయాలనుకునేవాళ్ళు మొదట అడగాల్సింది "బండి ఎంతకిస్తావు" అని కాదు, "దీని ముక్కలు వేరే ఏ బండిలో ఉన్నాయి" అని. డెబ్భై వేలకి దొరికిందని ఎక్కడా స్పేర్ లేని బండి కొంటే అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ కోసం కూడా స్క్రాప్ యార్డులు తిరగాల్సి వస్తుంది. ఇంజన్ ముక్కలు దొరికినంత సులువుగా ఈ బండికి కూడా డోర్ హ్యాండిళ్ళు, టెయిల్ లైట్ అద్దాలు దొరకలేదు, అది ముందే చెబుతున్నా.

ఇప్పుడు లెక్క. బండి 70,000. ఛాసిస్ (బండి అడుగున ఉండే ఇనప చట్రం), రేకు పని 52,000. బ్రేకులు, స్టీరింగ్ జాయింట్లు, కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు), షాకబ్జర్లు 43,000. టైర్లు 31,000. ఇంజన్, డీజిల్ పంపు, క్లచ్ 68,000. వైరింగ్, లైట్లు 18,000. పెయింట్ 40,000. సీట్లు 12,000. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్, మిగతా కాగితాలు 14,000. మొత్తం 3,48,000. ఇందులో మా కూలి లేదు. మా కుర్రాళ్ళు మీ బళ్ళ పని లేని పూట దీని మీద కూర్చునేవాళ్ళు. ఇదే బండి కస్టమర్‌ది అయితే కూలితో కలిపి ఐదు లక్షలు అవుతుంది, తగ్గదు. ఇప్పుడు దీన్ని అమ్మకానికి పెడితే రెండున్నర కూడా రాదు. కాబట్టి లాభం కోసం ఎవరైనా ఈ పని మొదలుపెడదామనుకుంటే వద్దని నేనే చెబుతా, ఆ డబ్బుకి సెకండ్ హ్యాండ్‌లో మంచి కొత్తరకం పికప్ వస్తుంది. ఇష్టం ఉండి చేయించుకునేవాళ్ళతోనే మాకు పని.

ఆ లెక్కలో ఖర్చు పెట్టిన వరస చూడండి. కింద నుంచి పైకి వెళ్ళాను. వచ్చేవాళ్ళలో ఎక్కువ మంది పై నుంచి కిందకి అడుగుతారు, ముందు రంగు, తర్వాత అల్లాయ్ వీల్స్, సీటు కవర్లు, డబ్బు మిగిలితే బ్రేకులు. మిగలదు. ఎప్పుడూ మిగలదు.

బండి కొనేటప్పుడు నేను బానెట్ ఎత్తను. చిన్న సుత్తి తీసుకుని కిందకి దూరతాను. ఛాసిస్ మీద తట్టుకుంటూ పోతే మంచి చోట ఖంగుమంటుంది, పుచ్చిన చోట డబ్‌మని మొద్దుగా పలికి పొట్టు రాలుతుంది. తర్వాత పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం గుడ్డలో చుట్టి బాడీ మీద జరుపుతాను, అది జారిపోయిన ప్రతిచోటా లోపల రేకు బదులు పుట్టీ ఉన్నట్టే. ఈ బండికి ఛాసిస్ బాగుంది, వెనక కమాన్ హ్యాంగర్ దగ్గర తప్ప. కేబిన్ మాత్రం దారుణం. మ్యాట్ కింద మ్యాట్, దాని కింద ఇంకో మ్యాట్. అన్నీ పీకితే డ్రైవర్ కాళ్ళ కింద ఎంసీల్, దాని కింద గోనెపట్టా, పైన నల్లరంగు. క్లచ్ పెడల్ పక్కన స్క్రూడ్రైవర్ ఆనిస్తే పిడి దాకా దిగిపోయింది.

కారణం ఏమిటో తెలుసా? వేపాకులు. ముందు అద్దం కింద గాలి పోయే జాలీ ఉంటుంది కదా, దాని లోపల పడ్డ నీళ్ళు బయటికి పోవడానికి చిన్న కన్నాలు ఉంటాయి. బండి ఏళ్ళ తరబడి వేపచెట్టు కింద ఉంది, ఆకులు కుళ్ళి ఆ కన్నాలు మూసుకుపోయాయి, ప్రతి వానకీ నీళ్ళు లోపలికి దిగి మ్యాట్ల కింద నిలిచాయి. పైన చూస్తే ఎండిపోయి ఉంటుంది. మీ బండి కొత్తదైనా సరే, వానాకాలం ముందు ఆ జాలీ ఒకసారి చేత్తో కెలికి మగ్గుతో నీళ్ళు పోసి చూడండి, కిందకి కారుతున్నాయంటే బాగున్నట్టు. దీనికి మా దగ్గరికి రానక్కర్లేదు.

ఫ్లోర్ మొత్తం కోసేశాం. మంచి రేకు తగిలే దాకా కోసి, 18 గేజ్ రేకు వంచి కొత్తగా వేశాం. కుళ్ళినదాని మీదే కొత్త రేకు అతికిస్తే సగం ఖర్చులో అయిపోతుంది, కానీ రెండు రేకుల మధ్య తడి ఇరుక్కుని రెండు మూడు వానాకాలాల్లో కొత్తది కూడా పోతుంది. వెల్డింగ్ ఒకే గీతగా లాగితే పల్చటి రేకు వేడికి వంకర పోతుంది, అందుకే రేకు పని చేసే మా టింకర్ మేస్త్రి ఇక్కడో చుక్క అక్కడో చుక్క పెట్టుకుంటూ, చల్లారనిచ్చి మళ్ళీ పెట్టుకుంటూ పోతాడు. చూసేవాళ్ళకి పని నడవట్లేదనిపిస్తుంది. మీలో ఒకరు గేటు దగ్గర నిలబడి "బాబాయ్ టీ తాగడానికే సరిపోతోంది ఈయనకి" అన్నారు, నాకు వినిపించింది. ఆయన టీ తాగుతున్నది రేకు చల్లారడం కోసమే. ఇంకోటి, ఛాసిస్ పట్టాలకి అడ్డంగా వెల్డింగ్ గీత వేయమని ఎవరు చెప్పినా వేయించకండి, బరువు పడ్డప్పుడు సరిగ్గా ఆ గీత పక్కనే చీలుతుంది.

బ్రేకుల్లో బేరం లేదు. మాస్టర్ సిలిండర్, వెనక వీల్ సిలిండర్లు, రబ్బరు హోస్‌లు అన్నీ కొత్తవి. పాత హోస్ బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల ఉబ్బి దారి మూసుకుపోయి ఉంటుంది, బ్రేక్ పట్టాక చక్రం వదలదు. ఇక్కడే ఒక కౌంటర్‌లో మాకు పెద్ద కంపెనీ డబ్బాలో నకిలీ కిట్టు అంటగట్టారు, లోపలి రబ్బరు కప్పు వేలితో నొక్కితేనే గట్టిగా తగిలింది, తిరిగి ఇస్తే "మీరే మార్చారు" అన్నారు. ఆ డబ్బు పోయింది. అప్పట్నుంచి మీ బళ్ళకి కూడా బ్రేక్ సామాను డబ్బా మీ ముందే విప్పుతున్నాం. పాత లైనింగ్ ధూళిని మాత్రం ఎవరూ ఎయిర్ కొట్టి ఊదకండి, ఆ కాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడవాలి.

ఇంజన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లేత్ షాపులో చేయాల్సినవి చేశారు, పంపూ నాజిల్సూ కాలిబ్రేషన్‌కి వెళ్ళొచ్చాయి, హీటర్ ప్లగ్గులు మార్చాం. అరవై చిల్లర హార్స్‌పవర్, అంతే. నిండు లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనకాల ఆటోవాళ్ళు హారన్ కొడతారు, కొట్టనివ్వండి.

మోడిఫికేషన్ అంటే చాలామంది మనసులో ఉన్నది వేరు. మేము చేసిన మార్పుల్లో నాకు బాగా నచ్చింది ఎవరికీ కనిపించదు, హెడ్‌లైట్ రిలే. రిలే అంటే స్విచ్ నుంచి కాస్త కరెంటు తీసుకుని పెద్ద కరెంటుని వేరే దారిలో కలిపే చిన్న డబ్బా. పాత బళ్ళలో హెడ్‌లైట్ కరెంటు మొత్తం డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా తిరిగొస్తుంది. ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు, బల్బు దగ్గర 11 చిల్లర. మిగతాది సన్నటి వైర్లలో, అరిగిన స్విచ్‌లో వేడిగా పోతోంది. లైటు మసకగా ఉందని జనం ఏం చేస్తారు? 90/100 వాట్ల బల్బు వేస్తారు, అదే వైరు ఇంకా ఎక్కువ కరెంటు లాగి కరుగుతుంది, ఒక రోజు డ్యాష్‌బోర్డులోంచి పొగ. రెండు రిలేలు, ఒక ఫ్యూజు, బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు, మామూలు 55/60 బల్బు, అంతే. బల్బు దగ్గర ఇప్పుడు 13.5 చూపిస్తోంది. సామాను ఖర్చు వెయ్యి రూపాయలు దాటలేదు. మిగతావి మూడు పాయింట్ల సీటు బెల్టులు, సుమో సీట్లు కాస్త వెడల్పు తగ్గించి, వెనక తొట్టిలో మోసే ఇంజన్ జారకుండా కట్టుకోవడానికి నాలుగు కొక్కేలు.

"సఫారీ టర్బో ఇంజన్ ఎక్కించొచ్చుగా, పక్కాగా కూర్చుంటుంది" అని అడుగుతున్నారు. కూర్చుంటుందా లేదా అన్నది తర్వాత. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే రకం ఇంజన్ మార్చుకున్నా నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాల్సిందే. రేపు ఏదైనా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్‌వాళ్ళు మొదట చూసేది ఇంజన్ నంబరు. తొట్టి పొడుగు పెంచడం, ఛాసిస్ ఎత్తు పెంచడం, సైజు దాటిన టైర్లు, ఇవి కూడా మా దగ్గర చేయం. పక్క షెడ్డులో చేస్తారని చెప్పకండి, చేయనివ్వండి.

కాగితాల విషయంలో ఇంకో అపోహ. పాత బండి కదా, వింటేజ్ నంబరు తెచ్చుకుంటే ఎఫ్‌సీ బాధ ఉండదు అనుకుంటున్నారు కొందరు. 2021లో వచ్చిన కేంద్రం రూల్స్ ప్రకారం వింటేజ్ అనాలంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి, బండి అసలు రూపంలోనే ఉండాలి, రోజువారీ తిరగడానికీ వ్యాపారానికీ వాడకూడదు. టాటా మొబైల్ ఏదీ ఇంకా ఆ వయసుకి రాలేదు. మాది గూడ్స్ బండి కాబట్టి ఏటా ఎఫ్‌సీకి నిలబెట్టాల్సిందే. సొంత కార్లు, జీపులు ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి, 15 ఏళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్, ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాస్తా 5,000 అయింది, 20 ఏళ్ళు దాటిన కారుకి 2025లో 10,000 చేశారు. పాత బండి బడ్జెట్ వేసుకునేటప్పుడు ఇవి కూడా రాసుకోండి. ఆర్సీ పోయిన బండి, ఓనరు దొరకని బండి ఎంత చవకగా వచ్చినా కొనకండి, రేకుకి మందుంది గానీ దానికి లేదు.

ఇక ఆలస్యాల సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి మునిగిన బళ్ళతో షెడ్డు నిండిపోయినప్పుడు పాత బళ్ళ పని పక్కన పెట్టాల్సి వచ్చింది, ఆ వరస అప్పుడు చెదిరింది, ఇప్పటికీ పూర్తిగా సర్దుకోలేదు. దానికి తోడు కొందరు బండి విప్పించి, మధ్యలో డబ్బు సర్దుబాటు కాక వదిలేస్తున్నారు. నాకు అర్థమవుతుంది, ఇంట్లో పెళ్ళి వస్తుంది, స్కూలు ఫీజులొస్తాయి. కానీ విప్పిన బండి షెడ్డులో చోటు తింటుంది, బోల్టులు కలిసిపోతాయి, రంగు లేని బేర్ రేకు మన ఉక్కకి వారంలో ఎర్రబడుతుంది.

అందుకని ఇకనుంచి పాత బళ్ళ పని విడతలుగానే తీసుకుంటాం. మొదటి విడత ఛాసిస్, బ్రేకులు, స్టీరింగ్, వైరింగ్. అది అయ్యాక బండి నడుపుకుంటూ ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చు, అందంగా ఉండదు, కానీ ఆగుతుంది, తిరుగుతుంది. డబ్బు సమకూరాక ఇంజన్, ఆ తర్వాతెప్పుడో రంగు. ఒక్కో విడతకి స్పేర్ల డబ్బు ముందు, కూలి చివర్లో. స్పేర్ల బిల్లులు మీ చేతికే ఇస్తాం, పాత ముక్కలు గోనెసంచిలో కట్టి మీకే ఇస్తాం, కాటాకి వేసుకున్నా మీదే. రంగు ఒక్కటే ముందు వేయమని అడిగితే చేయం, ఎంత పరిచయమున్నా. జులై నుంచి సెప్టెంబరు దాకా పెయింట్ ముట్టుకోం, గాలిలో తడికి మెరుపు పోయి పాలిపోయినట్టు వస్తుంది, మళ్ళీ గీకి వేయాల్సి వస్తుంది, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో మళ్ళీ గొడవ.

కూలి రేట్లు కూడా పెంచుతున్నాం, టింకరింగ్‌కి మాత్రమే. ఆ పని నేర్చుకోవడానికి కుర్రాళ్ళు రావట్లేదు, ఉన్న మేస్త్రిని నిలబెట్టుకోవాలి. ఇప్పటికే ఒప్పుకున్న బళ్ళకి పాత రేటే.

ప్రస్తుతం షెడ్డులో రెండు జీపులు, ఒక మెటాడోరు వ్యాను, ఒక ఎస్టేట్ విప్పి ఉన్నాయి. వాటిల్లో రెండు బయటపడే దాకా కొత్తది తీసుకోను. మీ బండి చూపించాలనుకుంటే సాయంత్రం ఐదు తర్వాత రండి, ఫొటోలు పంపి రేటు అడగకండి, ఫొటోలో తుప్పు కనపడదు. వచ్చేటప్పుడు ఆర్సీ జిరాక్స్ తెచ్చుకోండి. బండి కడిగి తీసుకురాకండి, ఎక్కడ కారుతోందో చూడాలి.