2025 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారాలు.

ఉగాది, రాష్ట్ర అవతరణ దినోత్సవం, కాళోజీ జయంతి సభలలో మన బృందం ఎప్పటిలాగే పాడింది. ఆ వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నందున మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగినది సెప్టెంబరు 19న హన్మకొండలో జరిపిన సంగీత దర్శకులు ఎం.బి. శ్రీనివాసన్ గారి శతజయంతి సభ.

1925లో చిత్తూరులో జన్మించిన శ్రీనివాసన్ గారు విద్యార్థి ఉద్యమంలో నుంచి సంగీతంలోకి వచ్చినవారు. ఢిల్లీలో కమ్యూనిస్టు నాయకులు ఏ.కె. గోపాలన్ గారికి కార్యదర్శిగా పనిచేసిన ఆయన, ఇప్టా (భారత ప్రజా నాట్య సంఘం) ఉద్యమంతో కలిసి నడిచి, మద్రాసు చేరి మలయాళ చిత్రాలకు స్వరాలు కూర్చి, సినీ వాద్యకారులను ఒక సంఘంగా కూడగట్టి, 1970ల ఆరంభంలో మద్రాసు యూత్ కాయిర్ అనే బృందగాన సంఘాన్ని స్థాపించారు. 1988లో లక్షద్వీప్‌లో కన్నుమూశారు. మనుషులను కూడగట్టడం తెలిసినవారు కనుకనే అన్ని గొంతులను ఒక్క పాటలో నిలపగలిగారని నా నమ్మకం.

ఒకే పాటను వేర్వేరు స్వర వరుసలలో కలిసి పాడే ఆయన పద్ధతి మనకు తేలికగా పట్టుబడలేదు. బతుకమ్మ చుట్టూ ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావారు అదే వరుసలో ‘ఉయ్యాలో’ అని అందుకోవడం మనకు చిన్ననాటి నుంచి అలవాటు. ఇక్కడ అలా కాదు. పక్కవారు వేరే స్వరం పాడుతుంటే అది చెవిన పడుతూనే ఉన్నా, తన స్వరం జారకుండా నిలుపుకోవాలి. పైగా స్త్రీలకు కుదిరే శ్రుతి పురుషులకు కుదరదు. కాజీపేట చర్చిలలో పాడే మన సభ్యులు సోప్రానో, ఆల్టో (స్త్రీల పై, కింది స్వరాలు), టెనర్, బేస్ (పురుషుల పై, కింది స్వరాలు) వరుసలను విడివిడిగా నేర్పి, ఆ తరువాతే కలిపి పాడించారు. వారికి ఈ సంఘం ఎంతో రుణపడి ఉంది.

ఆదివారం సాధనకు బేస్ వరుసలో పేరిచ్చినవారిలో సగం మంది కూడా రాలేదని విచారంతో తెలియజేస్తున్నాను. ఎంగిలిపూల బతుకమ్మ రెండు రోజులలో ఉండగా, ఇంటి పనులన్నీ పెట్టుకొని కూడా మహిళా సభ్యులు ఒక్క సాధన తప్పలేదు. సభాభవనం కోసం నెల ముందు పెట్టుకున్న దరఖాస్తుకు అనుమతి ముందురోజు సాయంత్రం వరకు అందలేదు. వస్తామన్న అధికారుల కుర్చీలు చివరిదాకా ఖాళీగానే ఉన్నాయి. అయినా తమిళ కవి భారతియార్ పాటను నాలుగు వరుసలలో పాడి ముగించినప్పుడు సభలో కొన్ని క్షణాలు ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఆ తరువాత అందరూ లేచి నిలబడ్డారు. ఆ క్షణం కోసమే ఇన్ని నెలలు శ్రమించాము.

ఆడిటర్ గారు సంతకం చేసిన జమాఖర్చుల పట్టిక జతపరచడమైనది. చందా బకాయిలు ఉన్నవారు దయచేసి చెల్లించగలరు.

సాధనకు తమ ఇంటి హాలును ఇచ్చిన కోశాధికారి గారికి, ప్రతి వారం టీ అందించిన వారి కుటుంబానికి, హార్మోనియం మరమ్మతు ఖర్చు భరించిన ఉపాధ్యక్షులకు, కుర్చీలు మోసిన విద్యార్థులకు కృతజ్ఞతలు. బేస్ వరుసకు ఒక బాధ్యుడిని ఈ సమావేశంలోనే ఎన్నుకోవాలని ప్రతిపాదిస్తూ, నివేదికను ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి
హన్మకొండ