కాలదోషం పట్టేది దావాకే

సంపాదకులకు,

అయ్యా,

ప్రామిసరీ నోటు రాసి మూడేళ్లు దాటింది కాబట్టి అప్పు తీర్చనక్కర్లేదని మీ న్యాయ సలహాల శీర్షికలో ఇటీవల ఒక పాఠకుడికి సమాధానమిచ్చారు. చిత్తూరులో ముప్పై ఏళ్లు వకీలు గుమాస్తాగా పనిచేసిన నాకు ఆ మాట మీద అభ్యంతరం ఉంది.

1963 నాటి కాలపరిమితి చట్టం గడువు దాటిన దావాను కొట్టివేయమంటుందే తప్ప బాకీ రద్దయిందని చెప్పదు. గడువు తీరిన బాకీని తీరుస్తానని అప్పు తీసుకున్నవాడు కొత్తగా రాసి సంతకం చేస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఆ మాట చెల్లుతుంది. అసలు లేని బాకీకి చట్టం అంత చోటిస్తుందా? గడువు పెట్టడంలోనూ ఒక నీతి ఉంది. సాక్షులు పోయి, కాగితాలకు చెదలు పట్టాక మనిషిని కోర్టుకీడ్చడం న్యాయం కాదు. (భూమి విషయంలో మాత్రం, యజమానికి ఎదురుతిరిగి పన్నెండేళ్లు అనుభవించినవాడి ముందు యజమాని హక్కే పోతుంది. ఇది నాకు నేటికీ మింగుడుపడదు.)

ఇలా బాకీ మాట ఎత్తితే, నీతి ఎవరికి వారిది, చట్టం ఒక్కటే అందరిదీ, కనుక చట్టాన్ని దాటి అడగకూడదని యువ న్యాయవాదులు వాదిస్తుంటారు. తిండి, కట్టు, పెళ్లితంతు ఊరికొక తీరుగా ఉంటాయన్నది నిజమే, వాటితో ఎవరికీ నష్టం లేదు. కానీ ఉమ్మడి చిత్తూరు జిల్లా తూర్పు మండలాల్లో ఆడపిల్లకు జబ్బు చేస్తే మాతమ్మ అనే గ్రామదేవతకు వదులుతామని మొక్కుకునే ఆచారం ఉండేది. మొక్కుకున్న తల్లిదండ్రులు తప్పు చేస్తున్నామనుకోలేదు, అలా వదిలిన పిల్లకు మాత్రం పెళ్లీ సంసారమూ లేకుండా పోయాయి. ఇటువంటి అంకితాలను 1947లో మద్రాసు చట్టం, 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం నిషేధించాయి. నీతిని పుట్టించేది చట్టమే అయితే 1947కు ముందు ఆ పిల్లకు అన్యాయం జరగలేదనాలి. ఊరి ఆచారమే నీతి అయితే 1988 తర్వాత కూడా జరగలేదనాలి. ఈ రెండు మాటల్లో ఏదీ ఆమె ముఖం చూసి అనగలిగేది కాదు. రాజ్యాంగ నైతికత, అంటే రాజ్యాంగాన్ని గౌరవించి దానికి లోబడి నడుచుకోవడం, సహజంగా కలిగే భావన కాదని, దాన్ని అలవరచుకోవాలని 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చెప్పిన మాటను నేను ఈ అర్థంలోనే తీసుకుంటాను: సంఘం ఒప్పుకున్నదాన్నీ, చట్టం ఒప్పుకున్నదాన్నీ కూడా నష్టపోయేవాడి వైపు నుంచి తిరిగి తూచవలసిందే.

ఒక దావాలో మాది ప్రతివాది పక్షం. గాజులు అమ్మి అప్పిచ్చిన ముసలమ్మ, వడ్డీ ముట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయించుకుంటే గడువు మళ్లీ మొదలవుతుందని తెలియక, గడువు దాటిన పదకొండు రోజులకు కోర్టుకు వచ్చింది. ఆ పదకొండు రోజులు లెక్కగట్టి వకీలుగారికి సంబరంగా చూపినవాణ్ణి నేనే. దావా కొట్టేశారు. వరండాలో ఆమె నన్నాపి, "వాడు నా దగ్గర దుడ్డు తీసుకోలేదని జడ్జిగారు చెప్పినారా నాయనా?" అని అడిగింది. లేదమ్మా, అలా చెప్పలేదన్నాను.

అందుచేత, ఇకమీదట ఇటువంటి ప్రశ్న వస్తే "దావా చెల్లదు" అని మాత్రమే అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. బాకీ ఉందో లేదో అడిగినవాడికే తెలుసు.

ఇట్లు,
ఒక విశ్రాంత వకీలు గుమాస్తా,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు