గేర్లు పడని సైకిలును మూల పడేయకండి, ముందు తీగ, తొడుగు మార్చి చూడండి

సంపాదక మహాశయులకు నమస్కారములు.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్, జయపురం పట్టణాల్లో మన తెలుగువారి ఇళ్లలో పాత గేరు సైకిళ్లు చాలానే మూలన పడి ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం వెనుక ఏడు, ముందు మూడు పళ్లచక్రాలున్న మౌంటెన్ బైకులు. ఫ్రేము గట్టిగానే ఉంటుంది, చక్రాలు వంకర లేకుండా తిరుగుతాయి, బ్రేకులు కూడా పడతాయి. గేర్లు పడటం లేదన్న ఒక్క కారణంతో వాటిని వాడటం మానేస్తున్నారు. బాగు చేయించడానికి తీసుకువెళ్తే, గేర్లు తీయించేసి చెయినును ఒకే పళ్లచక్రం మీద ఉంచుకోమనో, కొత్త సైకిలు కొనుక్కోమనో చెప్పి పంపే దుకాణాలు మా ఊళ్లోనూ ఉన్నాయి. ఈ రెండు సలహాలకంటే ముందు చేయవలసిన పని గేరు తీగలనూ, దుకాణాల్లో ఔటరు అని పిలిచే వాటి పై తొడుగులనూ కలిపి మార్చడం. ఆ ఖర్చు వందల రూపాయల్లోనే తీరిపోతుంది. ఈ సంగతి మీ పత్రిక ద్వారా తల్లిదండ్రులకూ, సైకిలు దుకాణాల వారికీ చేరాలన్నదే నా కోరిక.

మైదానపు జిల్లాల్లో గేర్లు లేకపోయినా సైకిలు నడుస్తుంది. జయపురం నుంచి కొరాపుట్ వెళ్లే ఘాట్ మీదనో, మహేంద్రగిరి వైపు గజపతి జిల్లా ఎత్తుపల్లాల్లోనో ఒకే గేరుతో ఎక్కవలసి వస్తే, బలమున్న యువకుడు కూడా దిగి నెట్టుకుంటూ పోవలసిందే. తూర్పు కనుమల్లో ఉన్నవాళ్లకు గేరు ఒక సోకు కాదు, అవసరం.

గేరు ఎందుకు మొరాయిస్తుందో తెలియాలంటే అది పనిచేసే తీరు కొంత తెలియాలి. పాత రోజుల్లో మీటను చేతి అంచనాతో కదిపి చెయినును సరైన పళ్లచక్రం మీదికి తెచ్చుకునేవారు. 1984లో జపాను సంస్థ షిమానో ఒక్కో మెట్టుకు ఒక్కో 'టిక్కు' ఉండే పద్ధతిని తెచ్చింది, ఇప్పుడు అన్ని గేరు సైకిళ్లలోనూ ఉన్నది దాదాపు అదే. మనం మామూలుగా చూసే, వెనుక ఏడు పళ్లచక్రాలున్న సైకిలులో పక్కపక్క పళ్లచక్రాల మధ్య దూరం సుమారు 5 మిల్లీమీటర్లు. చెయినును అంత దూరం జరపడానికి మీట ఒక్క టిక్కుకు లాగే తీగ 3 మిల్లీమీటర్లకు మించదు. తొడుగులో ఒక మిల్లీమీటరు వదులు ఏర్పడినా, తుప్పు వల్ల తీగ అంత మేర పట్టేసినా, చెయిను రెండు చక్రాల మధ్య చిక్కుకుని గరగరలాడుతుంది. అంటే గేరు యంత్రమంతా బాగున్నా, లాగే తీగ సాఫీగా కదలకపోతే మొత్తం చెడిపోయినట్టే కనిపిస్తుంది.

లోపం తీగలోనే ఉందా అన్నది పనిముట్టు లేకుండానే తెలుసుకోవచ్చు. చిన్న పళ్లచక్రం నుంచి పెద్దదానికి మార్చేటప్పుడు తీగను లాగేది మన బొటనవేలి బలం, కాబట్టి తుప్పు పట్టి ఉన్నా గేరు ఎలాగో పడుతుంది. తిరిగి చిన్న చక్రానికి దిగేటప్పుడు తీగను వెనక్కి లాగవలసింది వెనుక గేరులోని, అంటే చెయినును పక్కకు జరిపే భాగంలోని స్ప్రింగు ఒక్కటే. పెద్దదానికి ఎక్కేటప్పుడు బాగానే పడుతూ, చిన్నదానికి దిగేటప్పుడు ఆలస్యంగా పడినా, రెండు టిక్కులకు ఒకసారి పడినా, దోషం నూటికి తొంభై పాళ్లు తీగలోనూ తొడుగులోనూ ఉన్నట్టే. రెండు వైపులా ఒకే తీరుగా ఇబ్బంది పెడితే మాత్రం వెనుక గేరును పట్టి ఉంచే హ్యాంగరు వంగిందేమో, చెయిను అరిగిందేమో చూడాలి. అప్పుడు తీగ మార్చి ప్రయోజనం లేదు.

తుప్పు మొదట చేరే చోటు వెనుక చక్రం దగ్గర వంపు తిరిగిన పొట్టి తొడుగు. వాన నీరు ఫ్రేము వెంబడి జారి సరిగ్గా ఆ వంపులో నిలుస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా తడిసి, ఆ తర్వాత ఎర్రమట్టి దుమ్ములో తిరిగే సైకిలుకు ఆ ముక్క ఎంతో కాలం ఆగదు. గోపాలపూర్ తీరంలో, బరంపురం వైపు ఉప్పుగాలి తోడవుతుంది కనుక అక్కడివారు జింకు పూత తీగకు బదులు స్టెయిన్‌లెస్ తీగ అడిగి కొనుక్కోవడం మేలు. కొన్ని సైకిళ్లలో తీగ పెడళ్ల ఇరుసు కింద ప్లాస్టిక్ గాడిలోంచి పోతుంది. అక్కడ గట్టిపడిన మట్టిని గోకి తీయకుండా కొత్త తీగ వేస్తే పని సగమే అయినట్టు.

ఇక్కడ దుకాణాల వారికి ఒక ముఖ్య విషయం విన్నవించాలి. గేరు తొడుగూ బ్రేకు తొడుగూ పైకి ఒకేలా కనిపించినా లోపల పూర్తిగా వేరు. బ్రేకు తొడుగులో ఉక్కు పట్టీ చుట్టలు చుట్టలుగా ఉంటుంది, గేరు తొడుగులో సన్నని ఉక్కు తీగలు పొడవునా వరుసగా ఉంటాయి. చుట్టల తొడుగును వంచినప్పుడల్లా దాని పొడవు కొద్దిగా మారుతుంది, కాబట్టి అది గేరుకు వేస్తే హ్యాండిల్ తిప్పినప్పుడల్లా గేరు తప్పుతుంది. ఇది చిరాకుతో పోయే సంగతి. దీనికి విరుద్ధంగా గేరు తొడుగును బ్రేకుకు వేస్తే, గట్టిగా బ్రేకు పట్టిన క్షణాన ఆ నిలువు తీగలు చీలి బయటికి పొడుచుకురావచ్చు, ఘాట్ దిగే పిల్లవాడికి ఆ క్షణాన బ్రేకు లేకుండా పోతుంది. లోపలి తీగలోనూ తేడా ఉంది: గేరు తీగ 1.2 మిల్లీమీటర్ల మందం, చివర చిన్న గుండు. బ్రేకు తీగ సుమారు 1.5 మిల్లీమీటర్లు, చివర పెద్ద గుండు. తొడుగు మీద ముద్రించిన అక్షరాలు చదివి ఇవ్వడం అమ్మేవారి బాధ్యత, అడిగి తీసుకోవడం కొనేవారి బాధ్యత.

ఇంట్లోనే చేసుకోదలచినవారికి పని కష్టం కాదు, కానీ తొందర పనికిరాదు. వెనుక గేరును అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చి, తీగను పట్టి ఉంచే బోల్టు వదులు చేసి, పాత తీగను మీట వైపు నెట్టాలి. మీటలోని రంధ్రంలోంచి గుండు బయటికి వస్తుంది. పోగులు విడిపోయిన తీగ తెగేదాకా ఆగకూడదు, తెగిన ముక్క మీట లోపల ఇరుక్కుంటే తీయడం చాలా శ్రమ. పైగా ఎక్కుడులో తీగ తెగితే స్ప్రింగు చెయినును చిన్న చక్రం మీదికి, అంటే తొక్కడానికి అన్నిటికన్నా బరువైన గేరులోకి ఈడ్చేస్తుంది.

కొత్త తొడుగును పాత ముక్కల కొలతకే కోయవచ్చు, అయితే హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా బిగుసుకోకూడదు, ఎక్కడా మడత పడకూడదు. నిజమైన నేర్పు కోతలోనే ఉంది. మామూలు కటింగ్ ప్లయరుతో కోస్తే చివర నలిగిపోయి, లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోతుంది. పదునైన కేబుల్ కట్టరు వాడాలి. పాత తీగ ముక్కను లోపల ఉంచి కోస్తే తొడుగు నలగదు. కోసిన అంచును ఆకురాయితో చదును చేసి, మూసుకున్న గొట్టాన్ని సూదితో తెరిచి, రెండు చివరలా టోపీలు తొడగాలి. చదును చేయని అంచు టోపీలో వంకరగా కూర్చుంటుంది, నాలుగు రోజుల్లో అది సర్దుకోగానే గేరు మళ్లీ తప్పుతుంది. 'కొత్త తీగ సాగింది' అని మనం అనుకునేది చాలావరకు ఈ సర్దుబాటే. లోపల ప్లాస్టిక్ గొట్టం ఉన్న తొడుగులో గ్రీజు దట్టించకూడదు, దుమ్ము పట్టి ముద్దవుతుంది.

తీగ ఎక్కించాక వెనుక గేరు దగ్గరి సర్దుబాటు మరను పూర్తిగా లోపలికి తిప్పి, ఒకటి రెండు చుట్లు వెనక్కి తీసి, తీగను దాని గాడిలో కూర్చోబెట్టి, చేత్తో బిగువుగా పట్టుకుని బోల్టు బిగించాలి. చివర మూడు నాలుగు సెంటీమీటర్లు వదిలి కోసి, పోగులు విడకుండా మూత నొక్కాలి. ఆ తరువాత పెద్ద చక్రానికి ఎక్కడానికి బద్ధకిస్తే మరను అర చుట్టు బయటికి, దిగడానికి బద్ధకిస్తే లోపలికి తిప్పుతూ పోతే చాలు. చెయిను చివరి పళ్లచక్రాలు దాటిపోకుండా ఆపే, హెచ్, ఎల్ అని గుర్తున్న రెండు మరలను మాత్రం తీగ మార్చినందుకు ముట్టుకోనక్కరలేదు. వాటిని అనవసరంగా తిప్పి చెయినును చక్రపు పుల్లల్లోకి పంపిన సైకిళ్లను చూశాను.

మా ప్రాంతపు దుకాణదారులను నేను కోరేది చాలా కొద్ది: బ్రేకు తొడుగు చుట్ట పక్కనే 4 మిల్లీమీటర్ల గేరు తొడుగు చుట్ట ఒకటి, స్టెయిన్‌లెస్ తీగలు, ఒక డబ్బా టోపీలు, ఒక మంచి కేబుల్ కట్టరు ఉంచుకోవాలి. ఇవి దొరకక విశాఖపట్నమో బరంపురమో వెళ్లేవారి చేత తెప్పించుకోవలసి వస్తోంది. వానలు వెలిసే అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ సామాను దుకాణంలో ఉంటే, మూలనున్న సైకిళ్లలో చాలా వాటిని పిల్లలు ఆ చలికాలమే బడికి తొక్కుకుంటూ వెళ్తారు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
రాయగడ, ఒడిశా.