శ్రావణం ముహూర్తాలకి పాత వాలే వస్తుంది

శ్రావణంలో పెళ్లికి మా దగ్గర ఎల్‌ఈడీ వాల్ (చిన్న చిన్న దీపాల పలకలు అతికించి చేసే పెద్ద తెర) బుక్ చేసుకున్న నెల్లూరు, కావలి, గూడూరు వాళ్లందరికీ: కొత్త వాల్ రావడం లేదు, పాతదే తెస్తాం. అది సైజులో చిన్నది కాబట్టి అద్దె ఆ మేరకు తగ్గిస్తాం. అడ్వాన్స్ వెనక్కి కావాలన్నా మొహమాటపడకుండా అడగండి.

ఒకే బ్యాచ్‌లో, అంటే ఒకేసారి తయారైన ప్యానెల్స్ (ఆ పలకలు) ఇస్తానని మాటిచ్చిన సప్లయర్ వేరు వేరు బ్యాచ్‌లవి కలిపి పంపాడు. అడిగితే "అన్నీ ఒకటే సార్" అన్నాడు. ఎట్లా ఒకటవుతాయి? ఈ ప్యానెల్స్‌లో పసుపు దీపం విడిగా ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ కలిసి వెలిగితే మన కంటికి పసుపు కనిపిస్తుంది. ఒక బ్యాచ్‌లో ఆకుపచ్చ కాస్త ఎక్కువైతే చాలు, పసుపు నిమ్మకాయ రంగులోకి పోతుంది. మా మంగళవాద్యం యానిమేషన్ మీలో చాలామంది చూసిందే: డోలు దెబ్బకి కుంకుమ రంగు అలలు లేస్తాయి, నాదస్వరం పైస్థాయికి పోయేకొద్దీ వెనకాల పసుపు తేటపడుతుంది. కొత్త వాల్ మీద అది వేస్తే పసుపంతా అతుకుల బొంతలా కనబడింది. సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తే వెలుగు సమానమైంది గానీ ఛాయ కలవలేదు.

అప్పుడు సప్లయర్ ఇచ్చిన సలహా వినండి. "బ్యాక్‌గ్రౌండ్ నల్లగా పెట్టి చుక్కలు, గీతలు ఎగరేయండి, ఎవరికీ తెలీదు." నిజమే, తెలీదు. కదిలే చిన్న చిన్న వెలుగుల్లో ఛాయ తేడా కంటికి ఆనదు. డబ్బు కట్టేశా, ముహూర్తాలు దగ్గరపడ్డాయి, ఇంట్లో కూడా అదే చేసెయ్యమన్నారు. టెన్షన్‌తో నిద్రపట్టలేదు. చుక్కల వెర్షన్ కూడా చేసి చూశా. బాగానే ఉంది, అబద్ధం ఎందుకు! కానీ అది ఏ డీజే పాటకైనా సరిపోతుంది. నాదస్వరం ఒక్క స్వరం మీద నిలబడినప్పుడు తెర మీద రంగూ నిలబడాలి. అయినా, అతని సరుకులో లోపం దాచడానికి నా బొమ్మ మార్చుకోవాలా? ప్యానెల్స్ వెనక్కి పంపేశా. డబ్బు సగమే తిరిగొచ్చింది. మిగతాది మా ఇద్దరి మధ్య లెక్క, మీ మీద పడదు.

పాత వాల్ రిఫ్రెష్ రేటు 1920 హెర్ట్జ్, అంటే తెర సెకనుకి 1920 సార్లు కొత్తగా వెలుగుతుంది. వీడియో తీసేవాళ్లు కెమెరా షట్టర్ 1/50 సెకను దగ్గర పెట్టుకుంటే నల్ల గీతలు పెద్దగా రావు.

గట్టిమేళంలో ప్రతి దెబ్బకీ వాల్ మెరవాలని అడుగుతున్నారు. సెకనుకి మూడు మెరుపులు దాటనివ్వను, ఎంతిచ్చినా సరే. 1997లో జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం గబగబా మెరిస్తే వందలమంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. పెళ్లికి పిల్లలూ ముసలివాళ్లూ వస్తారు కదా.

పాటలు ఫోన్‌లో రికార్డు చేసి పంపొద్దు, అసలు ఫైలే కావాలి. హాల్లో గోలతో కలిసిపోతే డోలు ఏదో నాదస్వరం ఏదో సాఫ్ట్‌వేర్ విడదీయలేదు, రంగులు ఇష్టమొచ్చినట్టు ఎగురుతాయి. కావలి వాళ్లు ఇంకా పంపలేదు, ఈ వారంలో పంపండి.