కార్నర్ టేబుళ్లు ఎందుకు ఆలస్యమవుతున్నాయంటే

ఈ నెల పదో తేదీలోగా ఇస్తామన్న మూడు కార్నర్ టేబుళ్లు, అంటే గది మూలలో రెండు గోడలకూ ఆనే ఎల్ ఆకారం టేబుళ్లు, ఇంకా మా షాపులోనే ఉన్నాయి. ఆ మూడిళ్ల వాళ్లూ ఫోన్ చేసినప్పుడల్లా రేపు, ఎల్లుండి అని నెట్టుకొచ్చాను. ప్లైవుడ్ రాలేదని ఒకరితో చెప్పాను కూడా. అది అబద్ధం. ప్లైవుడ్ వచ్చి పది రోజులైంది.

అసలు సంగతి ఇది. పోయిన నెల మా కడపలోనే, ఎర్రముక్కపల్లిలో ఒక ఇంటికి టేబుల్ చేశాం. మేడ మీద గది. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే అమ్మాయి. కిటికీ ఉన్న గోడకు 5 అడుగులు, పక్క గోడకు నాలుగున్నర. కొలతలు ఆ అమ్మాయే వాట్సాప్‌లో పంపింది. నేను వెళ్లి చూడలేదు. షాపులోనే రెండు పలకలూ ఎల్ ఆకారంలో బిగించి, పైన మైకా షీటు అంటించి, ఆటోలో ఎక్కించాం. మెట్ల మలుపులో తిరగక మళ్లీ విప్పాల్సి వచ్చింది. అప్పుడే బుద్ధి రావాల్సింది, రాలేదు.

పైకి తీసుకెళ్లి ఒక గోడకు ఆనించి చూస్తే రెండో గోడ చివర దాదాపు ఒకటిన్నర అంగుళం సందు. మా కుర్రవాడు బీడింగ్ (సన్నటి చెక్క పట్టీ) కొట్టి మూసేద్దామన్నాడు. నాకూ అదే ఆలోచన, దాచేదేముంది. ఇంతలో ఆ అమ్మాయి వాళ్లమ్మ వచ్చి చూసి, "ఏం నాయనా, ఈ సందులో పెన్ను పడితే ఎట్ల తీయాల?" అన్నారు. బీడింగ్ మాట మళ్లీ ఎత్తలేదు. టేబుల్ వెనక్కి తెచ్చేశాం.

మరుసటి రోజు టేపు పట్టుకుని నేనే వెళ్లాను. మేస్త్రీలు పునాది గీసేటప్పుడు చూసే లెక్క ఒకటుంది. మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు లాగితే సరిగ్గా 5 అడుగులు రావాలి. అక్కడ ముప్పావు అంగుళం ఎక్కువ వచ్చింది. అంటే 90 డిగ్రీలు ఉండాల్సిన మూల ఇంకో ఒకటిన్నర డిగ్రీ తెరుచుకుని ఉంది. ఒకటిన్నర డిగ్రీ అంటే వినడానికి ఏమీ లేదు. నాలుగున్నర అడుగుల దూరం పోయేసరికి మాత్రం అది ఒకటిన్నర అంగుళం దగ్గరికి వస్తుంది. మూల సరిగా ఉందో లేదో చూసే చిన్న మూలమట్టం పెడితే ఇది సరిగా తెలియదు. మూలలో ప్లాస్టరింగ్ ఉబ్బి ఉండి అక్కడే మోసం చేస్తుంది.

పలకలు కొత్తగా చేసి బిగించాం. ప్లైవుడ్, మైకా, రెండు రోజుల కూలీ కలిపి నాకు తొమ్మిది వేలు పోయింది. ఆ ఇంట్లో ఒక్క రూపాయి అదనంగా అడగలేదు, అడిగే మొహమూ లేదు.

ఆ తర్వాత భయం పట్టుకుని, తయారై ఉన్న మూడు టేబుళ్ల ఇళ్లకూ టేపుతో వెళ్లాను. ఒక్క ఇంట్లోనే మూల సరిగా ఉంది. ఒకచోట తెరుచుకుని ఉంది. మూడోది పాత రాతి గోడ ఇల్లు, అక్కడ మూల లోపలికి మూసుకుని ఉంది, మేం చేసిన టేబుల్ పట్టదు. అందుకే ఆలస్యం. సరిగా ఉన్న ఇంటికి ఈ వారంలోనే బిగిస్తాం. మిగతా రెండింటికీ పలకలు మళ్లీ కోస్తున్నాం.

ఇకనుంచి కార్నర్ టేబుల్‌కు వాట్సాప్ కొలతలు తీసుకోను. నేనే వచ్చి కొలుస్తాను. అట్టపెట్టె చింపి గోడ వంపును బట్టి ఆ మూలకు నమూనా కోసుకుంటాను. ప్లైవుడ్‌ను గోడ వైపు అర అంగుళం ఎక్కువ ఉంచి తెచ్చి, మీ ఇంట్లోనే గోడకు ఆనించి పెన్సిల్ గీత గీసి, ఆ గీత ప్రకారం కోసి, చిత్రిక పట్టి బిగిస్తాం. ఇందులో మీకు ఇబ్బంది ఉంది, ముందే చెబుతున్నా. మిషన్ మోత, దుమ్ము, సగం రోజు పని. మేడ మీదో వరండాలోనో కోయడానికి చోటు చూపిస్తే గదిలో దుమ్ము పడదు. ఏడు రోజుల్లో ఇస్తామనే మాట ఇక పన్నెండు రోజులు. బిగింపుకు ఇదివరకు డబ్బు తీసుకోలేదు, ఇప్పుడు వెయ్యి రూపాయలు. పాత ఆర్డర్లకు పాత రేటే.

రెండు పలకలు కలిసే చోట ఏటవాలు అతుకు కావాలని కొందరు ఫోటోలు పంపుతున్నారు. ఫోటోలో బాగుంటుంది. మూల కాస్త అటూ ఇటూ అయితే ఆ అతుకు ఒక చివర నోరు తెరుస్తుంది, మైకా అంచులు లేచిపోతాయి. నేను నేరు అతుకే వేస్తాను, అదీ మోచెయ్యి ఆనని చోట. కూర్చునే వైపు లోపలి మూలను ఏటవాలుగా కోయిస్తే మాత్రం బాగుంటుంది, లేకపోతే ఆ మొన పొట్టకు గుచ్చుకుంటుంది.

గోడకు రీపు కొట్టి దాని మీద పలక ఆనించడం ఇటుక గోడలకు సరే. మట్టితో కట్టిన పాత రాతి గోడల్లో డ్రిల్ మట్టిలోకి దిగితే ప్లాస్టిక్ ప్లగ్గు గుండ్రంగా తిరుగుతుంది తప్ప పట్టదు. అలాంటి ఇళ్లకు కాళ్లే వేస్తాను, మోకాలికి తగిలినా సరే. పైన కడప బండే వేయమని ఒకరు అడిగారు. మన ఊరి బండ, కాదనడానికి మనసు రాలేదు. అయితే అంగుళం మందం బండ చదరపు అడుక్కి ఆరు కిలోలు తూగుతుంది. టేబుల్ మొత్తానికి వంద కిలోలు దాటుతుంది. వంటింటి గట్టుకు కింద గోడ ఉంటుంది, టేబుల్‌కు ఏముంది? వద్దన్నాను.

ఇంకో మాట, ఇది నన్ను ఎవరూ అడగలేదు. పోయిన ఎండాకాలం చేసిన టేబుళ్లకు పైన మాత్రమే మైకా వేసి, అడుగున పెయింట్‌తో సరిపెట్టాం. ఒకవైపే మైకా ఉంటే ప్లైవుడ్ వంగే అవకాశం ఉంది. మా షాపులో ఉంచుకున్న ముక్క వంగింది. ఇప్పుడు రెండువైపులా వేస్తున్నాం. మీ టేబుల్ మీద పొడవాటి స్కేలు నిలబెట్టి చూడండి. మధ్యలో వెలుతురు కనిపిస్తే ఫోన్ చేయండి. కింద ఇనుప యాంగిల్ బిగించి లాగుతాం, సరికాకపోతే పలక మారుస్తాం. డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు.

రాతి గోడ ఇంటివాళ్లకు శనివారం పొద్దున వస్తున్నాను. ఆ మూలలో ఉన్న బీరువాను ముందు రోజే జరిపి పెట్టండి. పోయినసారి నేనే జరిపాను, నడుము ఇంకా పట్టేసే ఉంది.