ఫైల్ పైన లైసెన్స్ లైన్ గురించి

మన కోడ్ ఉండే రిపోలో లైసెన్స్ ఫైల్ ఉంది కదా, ప్రతి ఫైల్లో మళ్లీ ఎందుకని నిన్న ఒకరు అడిగారు. ఎవరైనా మన ఫైల్ ఒక్కటే కాపీ చేసుకుపోతే ఆ లైసెన్స్ ఫైల్ వెంట వెళ్లదండీ, అందుకే. పేజీడు మేటర్ అక్కర్లేదు. పైన కామెంట్‌గా ఒక ఎస్‌పీడీఎక్స్ లైన్ (ఏ లైసెన్సో పొట్టి పేరుతో చెప్పేది), దాని కింద కాపీరైట్ లైన్ చాలు. లినక్స్ కెర్నల్‌లోనూ 2017 నుంచి ఎస్‌పీడీఎక్స్ లైన్లే పెడుతున్నారు. స్క్రిప్టుల్లో మాత్రం ఏ ప్రోగ్రామ్‌తో నడపాలో చెప్పే షెబాంగే (#!) మొదటి లైన్‌గా ఉండాలి, ఎస్‌పీడీఎక్స్‌ది రెండోది.

బయటి నుంచి తెచ్చిన కోడ్‌లో వాళ్ల నోటీసు చెరపొద్దు. పోయిన నెల నేనే క్లీనప్ పేరుతో మూడు ఫైళ్లలో లేపేసి రివ్యూలో దొరికిపోయాను! అపాచీ 2.0 లైసెన్స్ ఉన్న ఫైల్‌ని మార్చి బయటికి ఇస్తే, మార్చామని అందులో రాయాలి కూడా.

పెండింగ్ పీఆర్‌లు (రిపోలో కలపమని పంపిన మార్పులు) ఉన్నవాళ్లు మెర్జ్‌కి ముందు ఒకసారి చూసుకోండి.